కారులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? సిలికాన్ పూసే ముందు ఇది చూడండి

ఈరోజు టాపిక్ కారు లోపల నీళ్లు.

వానాకాలంలో పొద్దున్నే డోర్ తీస్తే ముక్కిపోయిన వాసన. మ్యాట్ ఎత్తితే కింద తడి. చాలామంది ఏం చేస్తారంటే, మ్యాట్ తీసి ఎండలో వేసి, లోపల ఒక పెర్ఫ్యూమ్ డబ్బా పెట్టేస్తారు. అయిపోయిందనుకుంటారు. కాలేదండీ. కార్పెట్ కింద స్పాంజి లాంటి మందమైన పొర ఉంటుంది. పైన చెయ్యి పెడితే పొడిగానే తగులుతుంది, లోపల మాత్రం తడి వారాల తరబడి ఉండిపోతుంది. దాని కిందనుంచే వైర్ల కట్టలు పోతాయి. సీట్ల కింద ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లు ఉంటాయి, కొన్ని కార్లలో ఎలక్ట్రానిక్ బాక్సులు కూడా అక్కడే. వాటికి చిలుము పట్టిందంటే చాలు, లాక్‌లు వాటంతటవే పడటం, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం, బ్యాటరీ దిగిపోవడం... ఇలా దయ్యం పట్టినట్టు ఆడుతుంది బండి.

సరే, అసలు విషయానికి వద్దాం. నీళ్లు కనిపించిన చోటు వేరు, దూరిన చోటు వేరు. డిక్కీలో మడుగు కట్టిన నీళ్లు రూఫ్ మీదనుంచి దిగి ఉండొచ్చు. అందుకే రిపేరుకి ముందు అవి ఏ నీళ్లో తేల్చుకోండి. వాన లేదు, కారు కడగలేదు, ఎండ కాస్తోంది. అయినా కాళ్ల దగ్గర కొత్తగా తడి వస్తోందా? అయితే మొదటి అనుమానం ఏసీ మీదే.

ఫ్రిజ్‌లోంచి తీసిన బాటిల్‌కి చెమట పడుతుంది కదా, డాష్‌బోర్డ్ లోపల ఏసీ కాయిల్‌కీ అదే జరుగుతుంది. వైజాగ్, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో అయితే ఇంకా ఎక్కువ. ఆ నీళ్లు ఒక సన్న పైపులోంచి కారు కిందకి పోవాలి. ఆ పైపులో దుమ్ము, ఆకుల పొట్టు పేరుకున్నా, ఏదైనా పురుగు గూడు పెట్టినా దారి మూసుకుపోతుంది. అప్పుడు నీళ్లు లోపలికే పొంగుతాయి. మన దగ్గర చాలా కార్లలో అది ముందు ఎడమ సీటు వైపు. టర్నింగ్‌లో డాష్‌బోర్డ్ లోపల బుడబుడమని శబ్దం వస్తే అదే గుర్తు.

టెస్ట్ చాలా ఈజీ. నీడలో, గాలి ఆడే చోట కారు ఆపి, ఏసీ వేసి 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. కింద నేల మీద నీటి చుక్కలు పడాలి. ఉక్కపోత రోజున కూడా కింద పొడిగా, లోపల తడిగా ఉందంటే డ్రెయిన్ మూసుకుపోయిందన్నమాట. మెకానిక్‌కి అది చాలా చిన్న పని. మీరే చేస్తానంటే మాత్రం రెండు జాగ్రత్తలు. ఒట్టి జాకీ మీద లేపిన కారు కిందకి దూరొద్దు. ఇనుప తీగ పెట్టి పొడవొద్దు. తీగ లోపల కాయిల్‌కి తగిలి చిల్లు పడితే గ్యాస్ మొత్తం పోతుంది, చిన్న పని కాస్తా డాష్‌బోర్డ్ విప్పేదాకా వెళ్తుంది.

ఒకవేళ ఆ తడి వేళ్లకి జిడ్డుగా తగిలి, తియ్యటి వాసన వేస్తూ, రంగుగా ఉంటే అది కూలెంట్. విషం అది, నాలుకకి తగిలించొద్దు. హీటర్ కోర్ లీకైనట్టే. ఇంజన్ వేడెక్కక ముందే గ్యారేజీకి తీసుకెళ్లండి.

ఇక వాన నీళ్లు. మీరు కారు ఎక్కడ పెడతారు? వేప చెట్టు కిందా? వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది చూడండి, అద్దం మీద పడ్డ వాన అంతా అక్కడికే దిగి పక్కలకి పోతుంది. ఆకులు కుళ్లి దారి మూస్తే నీళ్లు నిండి బ్లోయర్ దారిలో లోపలికి వస్తాయి. నెలకోసారి బానెట్ ఎత్తి చేత్తో ఆకులు తీసేయండి, చాలు.

సన్‌రూఫ్ ఉన్నవాళ్లు బాగా వినండి. సన్‌రూఫ్ రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు, ఆపాలని దాన్ని తయారు చెయ్యలేదు కూడా. కొంచెం నీళ్లు దిగుతాయి. చుట్టూ ఉన్న కాలువలోకి చేరి, మూలల్లోని పైపుల ద్వారా పిల్లర్ల లోపలినుంచి కిందకి పోతాయి. కాబట్టి రూఫ్ క్లాత్ తడిస్తే రబ్బరు మార్చడం కాదు, ముందు ఆ పైపులు చూడాలి. సన్‌రూఫ్ తెరిచి, మూలలో చిన్న గ్లాసుతో నెమ్మదిగా నీళ్లు పోయండి. చక్రం దగ్గర కారితే ఓకే. నిలిచిపోతే అడ్డం ఉన్నట్టు. పంక్చర్ షాపు గాలి పైపు పెట్టి గట్టిగా కొట్టించొద్దు. ఆ ఒత్తిడికి పైపు లోపల ఊడిందంటే నీళ్లు నేరుగా సీటు మీదకే.

డోర్ల సంగతి చాలామందికి తెలియదు. అద్దం పక్కనుంచి డోర్ లోపలికి వాన నీళ్లు దిగడం మామూలే. డోర్ అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీట్ అతికించి ఉంటుంది, నీళ్లు క్యాబిన్ వైపు రాకుండా ఆపేది అదే. కొత్త స్పీకర్లు పెట్టించినప్పుడు కొంతమంది ఆ షీట్ కోసేసి, మళ్లీ అతికించకుండా ప్యాడ్ బిగించేస్తారు. స్పీకర్లు మార్చాకే తడి మొదలైందా? ఇంక వెతకక్కర్లేదు. డోర్ ఊపితే లోపల నీళ్లు గలగలమంటే మాత్రం కింది రంధ్రాల్లో మట్టి చేరినట్టు.

ఇంకా తేలలేదా? ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చ్ పట్టుకుని కూర్చోండి, ఇంకొకరు మామూలు పైపుతో సన్నగా నీళ్లు వదలండి. కింద మొదలుపెట్టి పైకి వెళ్లండి, ఒక్కో చోట 5 నిమిషాలు. ముందే పైనుంచి పోస్తే అంతా తడిసి ఏదీ తేలదు. వాటర్ సర్వీసింగ్ గన్ వద్దు, ఆ ఫోర్స్‌కి మంచి బీడింగ్ కూడా లీకవుతుంది. బీడింగ్ మీద డౌట్ ఉంటే పది రూపాయల నోటు మధ్యలో పెట్టి డోర్ వేసి లాగండి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు నొక్కుకోవట్లేదు. డిక్కీ తడిస్తే వెనక లైట్ల రబ్బర్లు కూడా చూడండి.

లీక్ దొరక్కుండా చుట్టూ సిలికాన్ పూసేవాళ్లంటే నాకు చిరాకు. పొరపాటున నీళ్లు బయటికి పోయే దారినే మూసేస్తారు. పైగా వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఇనుముకి తుప్పు పట్టిస్తుంది.

లీక్ ఆగాక కార్పెట్ ఎత్తి ఆరబెట్టాలి, పైపైన కాదు. సీట్లు విప్పాల్సి వస్తే కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తాయి, అవి ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్‌వి. తెలిసిన మెకానిక్ బ్యాటరీ తీసి, కాసేపు ఆగి చెయ్యాల్సిన పని అది. ఎలక్ట్రిక్ కారైతే ఆరెంజ్ కేబుల్స్ జోలికి అసలు పోవద్దు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి కూడా ఇదే పనికొస్తుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి విజయవాడలో కార్లు ఎలా మునిగాయో చూశాం కదా. నీళ్లలో మునిగిన బండి పైకి మెరుస్తూనే ఉంటుంది. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి మట్టి చార ఉందేమో చూడండి, సీటు పట్టాల కింద తుప్పు చూడండి. స్టెప్నీ ఎత్తి ఆ గుంతలో వేలు పెట్టండి. బురద తగిలిందంటే రేటు గురించి కూడా అడక్కండి, తాళాలు ఇచ్చేసి వచ్చేయండి.