కారులోనూ ఓ కుక్కర్!

పోయిన వేసవిలో రేపల్లెలో పెళ్ళి చూసుకుని కారులో తెనాలి వస్తున్నాం. వేమూరు దగ్గరికొచ్చేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చుంది. బానెట్ ఎత్తితే గుప్పున ఆవిరి! మావారు జేబురుమాలు చుట్టి మూత తిప్పబోతుంటే చెయ్యి పట్టుకుని లాగేశాను. విజిల్ దిగని కుక్కర్ మూత తీస్తామా చెప్పండి? ఇదీ అంతే. లోపలి నీళ్ళు ఒత్తిడిలో ఉంటాయి కనుక 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత వదులైతే చాలు, ఒక్కసారిగా పొంగి ముఖం మీదికి చిమ్ముతాయి. గంటసేపు చెట్టు నీడన కూర్చున్నాం.

చల్లారాక చూస్తే, కూలెంట్ పోసే ప్లాస్టిక్ డబ్బాకి అడుగున వెంట్రుక మందాన పగులు. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారి, ప్లాస్టిక్ పెళుసెక్కిపోతుందిట. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోస్తూ, ఆగుతూ ఆగుతూ ఇల్లు చేరాం. ఇంత పగులేగా అని తోలుకుంటూ పోతే ఇంజన్ హెడ్ వంగుతుంది, గాస్కెట్ పోతుంది. చిన్నకార్లకి వందల్లో తేలిపోయే పని వేలల్లోకి ఎక్కుతుంది.

ఎంసీల్ పెడితే? రేడియేటర్‌కి వేరే మూత ఉన్న కార్లలో (పాత మారుతి 800 అలాంటిదే) ఈ డబ్బా మీద ఒత్తిడి ఉండదు కనుక నాలుగు రోజులు ఆగుతుందేమో. మూత డబ్బాకే ఉంటే మాత్రం ఆ ఆశ వద్దు. అసలు ఈ రకం ప్లాస్టిక్‌కి అది సరిగా అంటుకోదు. రేడియేటర్ కారితే పసుపు వెయ్యమంటారు లారీవాళ్ళు. సన్న చిల్లి మూసుకోవచ్చు గానీ, లోపలి సన్నదారులూ పూడిపోతాయి. పసుపుని కూరలోకే ఉంచుకుందాం!

కొత్త డబ్బా బిగించడం చాలా కార్లలో ఇంట్లో అయ్యే పనే. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. తాళంచెవి తీసేయండి. వేడిగా ఉంటే కొన్ని కార్లలో ఇంజన్ ఆపినా ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. కొంగు దోపుకోండి, జడ ముడేసుకోండి. కింద బేసిను పెట్టి, క్లిప్పు జరిపి గొట్టం లాగండి. ఒకటి రెండు బోల్టులు విప్పితే డబ్బా చేతికొస్తుంది. ఆ పాత డబ్బానే షాపుకి పట్టుకెళ్ళండి, బండి ఏ సంవత్సరానిదో కూడా చెప్పండి. గొట్టం చివర గట్టిపడి బీటలు వారితే అదీ మార్చేయాలి.

ఇక నీళ్ళు. బాపట్లలో మా వదిన ఏళ్ళ తరబడి బోరునీళ్ళే పోసింది. సముద్రం దగ్గరి ఉప్పునీళ్ళాయె, గీజరులో పట్టే తెల్లటి పొక్కు రేడియేటర్‌లోనూ పట్టేసింది. కలిపి అమ్మే కూలెంటైతే అలాగే పోయండి. చిక్కటిదైతే డబ్బా మీద రాసిన పాళ్ళలో డిస్టిల్డ్ వాటర్ కలపండి. రెండు గీతల మధ్యకి పోసి, మూత బిగించి, పది నిమిషాలు ఇంజన్ నడిపి, పూర్తిగా చల్లారాక మళ్ళీ చూడండి. తగ్గితే ఇంకాస్త పొయ్యండి. అయినా రోజూ తగ్గిపోతుంటే అది మెకానిక్ పని.

బేసినులో పడిన పాత కూలెంట్‌ని వాకిట్లో పారబోయకండి. తియ్యగా ఉండే విషం అది. కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు ముంచుతారు. మూత ఉన్న సీసాలో పోసి, పేరు రాసి, ఎత్తున పెట్టి, షెడ్డువాళ్ళకి ఇచ్చేయండి. ఆ బేసిను మళ్ళీ వంటింట్లోకి రానివ్వకండేం!