గుండె పగలటం వొట్టి మాట కాదు

'కొడుకు పోయాడన్న కబురు విని గుండె పగిలి పడిపోయింది' అని మన పల్లెల్లో అంటుంటాం. అది వొట్టి మాట కాదు. 1990లో హిరోషిమా డాక్టర్లు దీన్నొక జబ్బుగా ప్రకటించి 'టకొట్సుబో' అన్నారు. జపాను జాలర్లు ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరది. మెడ సన్నం, అడుగు గుండ్రం. పెద్ద దెబ్బ తగిలితే వొంట్లో అడ్రినలిన్ పోటెత్తి, రక్తాన్ని తోసే ఎడమ గది కొస కదలిక తగ్గి ఆ కుండలాగా ఉబ్బుతుంది. దుఃఖమే కానక్కరలేదు, ఉబ్బసం పోటు, ఆపరేషన్ కూడా కారణం కావచ్చు. 2004లో నీగాటా భూకంపం తర్వాత ఆ ప్రాంతంలో ఈ కేసులు ఒక్కసారిగా పెరిగాయి. రోగుల్లో పదింట తొమ్మిదిమంది ఆడవాళ్లు, ఎక్కువగా ముట్లుడిగినవాళ్లు.

'దిగులు, పడుకుంటే తగ్గుద్ది' అని ఇంట్లో వుంచటమే అసలు ప్రమాదం. ఛాతీనొప్పి, ఆయాసం, ఇసిజిలో మార్పు అన్నీ గుండెపోటు లాగే వుంటాయి. యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు పూడలేదని చూస్తేగాని తేడా తెలియదు. కనుక గుండెపోటనే అనుకుని 108కి ఫోను చెయ్యాలి.

మరి మందులు? ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఫ్యూరోసెమైడ్. గుండె మీద భారం తగ్గించటానికి ఎనలాప్రిల్ జాతి. లోపల రక్తం గడ్డ కడితే దానికి వేరే మందు. 2015లో అచ్చయిన 1750 మంది రోగుల లెక్కల్లో ఎనలాప్రిల్ జాతి మందులు వాడినవాళ్లు ఏడాది తర్వాత ఎక్కువమంది బతికివున్నారు. బీటా బ్లాకర్లతో ఆ మేలు కనపడలేదు. ఇది రికార్డులు చూసి వేసిన లెక్కే, పరీక్ష పెట్టి తేల్చింది కాదు.

బి.పి. పడిపోయిందని తొందరపడి డోబుటమిన్ ఎక్కిస్తే కొందరిలో రక్తం బయటికి పోయే దారి ఇంకా బిగుస్తుంది. అడ్రినలిన్ దెబ్బ తిన్న గుండెకు మళ్లీ ఆ బాపతు మందే! అందుకే ముందు ఎకో తియ్యాలి.

ఫ్యూరోసెమైడ్, ఎనలాప్రిల్ పాత మందులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆవశ్యక మందుల జాబితాలో వున్నాయి. ఖరీదైనవి కావు. మన ఏరియా ఆసుపత్రిలో ఎకో యంత్రం వుందా, చూసే డాక్టరు వారానికెన్ని రోజులు వస్తాడు అని కూలి సంఘాలు నిలదీయవలసింది అక్కడ.

చాలామందిలో కొన్ని వారాలకు గుండె మళ్లీ మామూలు రూపానికొస్తుంది. ఆ వారాలు కూలి లేకుండా ఇల్లెట్లా గడవాలో మందులచీటీలో వుండదు. అయినా రెండోసారి ఎకో తీసి డాక్టరు సరేననేదాకా నాట్లకు పోవద్దు, మందు మానవద్దు.