దుర్నక్షత్రజాతుని గానము

జాతకమున గ్రహస్థితి బాగుగా లేనిచో మనవారు శాంతి చేయింతురు. అమెరికాలో నొక గాయకుడు దుర్నక్షత్రమును గూర్చియే పాడి ప్రసిద్ధి కెక్కెను. ఆతడు ఆల్బర్ట్ కింగ్. 1967లో వెలువడిన ఆతని గానసంపుటము పేరు 'బోర్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్'. దుర్నక్షత్రమున జన్మించినవాడని దాని యర్థము. అందు 11 పాటలు కలవు.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో 1865లో దాస్యవిముక్తులైన నల్లజాతివారును, వారి సంతతివారును పెంపొందించిన గానము 'బ్లూస్'. అందు తఱచుగా మొదటి పాదమును రెండుమాఱులు పాడి, మూడవ పాదమున దానికి సమాధానము చెప్పుదురు. వారి ప్రార్థనామందిరముల పాటలనుండి పిదప వెలసినది 'సోల్'. ఇత్తడి వాద్యములును, ఆర్గనును, గట్టి తాళమును దానికి బలము. ఈ సంపుటమున నా రెండు రీతులును కలిసినవి.

కింగ్ 1923లో పుట్టెను. ఎడమచేతివాటము గలవాడగుటచే, కుడిచేతివారి గిటారునే తలక్రిందుగా త్రిప్పి పట్టెను. తంత్రులను మాత్రము మార్చి కట్టలేదు. అందుచే సన్నతంత్రులు పైకి వచ్చెను. ఇతరులు వానిని పైకి నెట్టుచుండగా, ఆతడు బలముకొలది క్రిందికి లాగుచుండెను. వైణికుడు మెట్టుపై తంత్రిని ప్రక్కకు లాగి గమకము పలికించుట మీరెఱిగినదే, ఇదియు నట్టిదే. విద్యుద్గిటారునందు ఉక్కుతంత్రుల క్రింద అయస్కాంతమును, దానికి చుట్టిన రాగితీగయు నుండును. తంత్రి కంపింపగా తీగయందు స్వల్పవిద్యుత్తు పుట్టి, యంత్రమున వర్ధిల్లి, ధ్వనియై వెలువడును. కావున లాగిన స్వరము త్వరగా నణగక, మనిషి యేడ్పువలె సాగును.

ఈ పాటలు 1966, 1967 సంవత్సరములలో మెంఫిస్ నగరమున, 'స్టాక్స్' సంస్థవారు పూర్వము సినిమాశాలగా నుండిన భవనమున ముద్రించిరి. ఆర్గనుపై బుకర్ టి. జోన్స్, మద్దెలలపై అల్ జాక్సన్ నల్లవారు. గిటారుపై స్టీవ్ క్రాపర్, మంద్రగిటారుపై డొనాల్డ్ డన్ తెల్లవారు. వర్ణభేదమును నిషేధించుచు 1964లో చట్టము వచ్చినను, ఆ యూరి వాడుక వెంటనే మాఱలేదు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హతుడైనది ఆ నగరముననే. అట్టిచోట నీ నలువురు నొక్క తాళమునకు లోబడి వాయించిరి.

సంపుటమునకు పేరిచ్చిన పాటను విలియం బెల్, బుకర్ టి. జోన్స్ రచించిరి. అందు పలుకువాడు చదువునకు నోచుకొనని నిర్భాగ్యుడు. కాని వినువారికి కలుగునది నిరాశ కాదు. నోరు తన దురదృష్టమును చెప్పుచుండగా, చేయి దానికి లొంగక బదులు పలుకుచుండును. 1968లో ఇంగ్లండునందలి 'క్రీమ్' బృందము సయితము ఆ పాటను పాడెను. కింగ్ 1992లో మరణించెను.

సంపుటము లభించినచో మొదటి పాటనే వినుడు. భాష తెలియకున్నను, గొంతు ఆగినచోట గిటారు అందుకొని పలుకు మాటను గమనింపుడు. తలక్రిందైన వాద్యమే ఆతనికి విద్య యైనది.