పెరుగుదల హార్మోన్ అధికమైతే: గుర్తింపు, నర్సింగ్ సంరక్షణ

కోరుట్లలో బీడీలు చుట్టే 40 ఏళ్ల మహిళ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఆరోగ్య కేంద్రానికి వచ్చిందనుకోండి. రోజంతా చేసే పనే కారణమని సులభంగా అనుకుంటాం. కాని ఉంగరం బిగుతైందా, చెప్పుల సైజు పెరిగిందా, గురక ఎక్కువైందా అని కూడా అడగండి. అవునంటే పెళ్లినాటి ఫొటో తెప్పించి నేటి ముఖంతో పోల్చండి. మార్పు ఏళ్ల తరబడి నెమ్మదిగా వస్తుంది కనుక రోజూ చూసే ఇంటివారు గమనించలేరు.

కారణం: మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి పెరుగుదల హార్మోన్‌ను స్రవిస్తుంది. దాని ప్రభావంతో కాలేయం ఐ.జి.ఎఫ్.-1ను తయారుచేస్తుంది. గ్రంథిలో సాధారణంగా క్యాన్సర్ కాని కణితి ఏర్పడటం వల్ల ఈ స్రావం అదుపు తప్పుతుంది. ఎముకల చివర ఉండే పెరుగుదల ఫలకాలు మూసుకోకముందే ఇలా జరిగితే ఎత్తు విపరీతంగా పెరుగుతుంది, ఇది అతికాయత. మూసుకున్నాక జరిగితే చేతులు, పాదాలు, దవడ, నాలుక పెరుగుతాయి. దీనికి 1886లో ఫ్రెంచి వైద్యుడు పియరీ మారీ ఆక్రోమెగలీ అని పేరు పెట్టారు. మధుమేహం, అధిక రక్తపోటు, గుండె జబ్బు తోడు కావచ్చు. కణితి దృష్టి నాడులను నొక్కితే పక్కచూపు తగ్గుతుంది.

నిర్ధారణ, చికిత్స: రక్తంలో ఐ.జి.ఎఫ్.-1 పరీక్ష, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే హార్మోన్ పరీక్ష, ఎం.ఆర్.ఐ. అవసరం. హైదరాబాద్‌లోని నిమ్స్, ఉస్మానియా వంటి ఆసుపత్రులలో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. ఎక్కువమందికి ముక్కు గుండా కణితిని తొలగిస్తారు. అవసరాన్నిబట్టి ఆక్ట్రియోటైడ్ వంటి మందులు, రేడియేషన్ ఇస్తారు.

శస్త్రచికిత్స తరువాత మీ బాధ్యతలు:

1. తల భాగాన్ని సుమారు 30 డిగ్రీలు ఎత్తి ఉంచండి. నాలుక పెద్దది, ముక్కులో ప్యాక్ ఉంటుంది కనుక శ్వాసను నిశితంగా గమనించండి.
2. ముక్కు చీదవద్దని, ముందుకు వంగవద్దని, ముక్కి మలవిసర్జన చేయవద్దని, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలని చెప్పండి.
3. ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం కారినా, గొంతులోకి ఉప్పగా దిగుతోందన్నా మెదడు ద్రవం కావచ్చు. వెంటనే వైద్యునికి తెలపండి.
4. తాగిన నీరు, పోసిన మూత్రం గంటగంటకు కొలవండి. నీరులాంటి మూత్రం ఎక్కువగా వస్తూ దాహం పెరిగితే డయాబెటిస్ ఇన్సిపిడస్‌ను అనుమానించండి.
5. చూపు, రక్తంలో చక్కెర, జ్వరం, మెడ బిగుసుకోవడం పరీక్షించండి.

"నా ముఖం మళ్లీ మునుపటిలా అవుతుందా?" అని రోగి అడుగుతుంది. వాపు తగ్గవచ్చని, పెరిగిన ఎముక మాత్రం తగ్గదని నెమ్మదిగా, నిజం చెప్పండి. వ్యాధి తిరగబెట్టవచ్చు కనుక జీవితాంతం పరీక్షలకు రావాలని ఇంటివారికీ వివరించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: అతికాయతకూ ఆక్రోమెగలీకీ తేడా ఏమిటి?