కారు చేసే మోత, మనం చేసే మోసం

సీటు బెల్టు చివర ఉండే లోహపు నాలుకను, బెల్టు లేకుండా ఒక్కదాన్నే విడిగా అమ్ముతారని తెలియని కారు యజమాని మన దగ్గర తక్కువ. బకిల్‌లో దాన్ని దోపితే చాలు, డాష్‌బోర్డులో మోత ఆగిపోతుంది. అసలు బెల్టు మాత్రం తలుపు పక్కన వేలాడుతూనే ఉంటుంది. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ ఈ క్లిప్పులను అమ్మకం నుంచి తీసేయాలని అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్, షాప్‌క్లూస్, మీషోలను ఆదేశించింది. అలా తొలగించినవి 13,118. ఈ అంకె చూసి మనవాళ్లకు క్రమశిక్షణ లేదని నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవచ్చు. నా వాదన వేరు. చిరాకు పెట్టడం తప్పు కాదు. కానీ చిరాకు పెట్టే యంత్రానికి ఒక బాధ్యత ఉంది. ఆ చిరాకు వదిలించుకోవడానికి అన్నిటికంటే తేలికైన మార్గం, చేయవలసిన పని చేయడమే అయ్యుండాలి. అంతకంటే తేలికైన సందు మరొకటి కనిపిస్తే మనిషి అందులోంచే దూరతాడు. ఆ సందు వదిలింది దూరినవాడు కాదు, యంత్రాన్ని గీసినవాడు.

మోత సంగతి తేలాలంటే మోత పుట్టే చోటి నుంచి మొదలుపెట్టాలి. కారు బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు. అది ఒకే తీరున పారుతుంది. ఊగనిది మోగదు, మరి ఊగని విద్యుత్తుతో మోత ఎలా పుట్టించాలి? పాతతరం కార్లలోని బజర్ ఈ చిక్కు విప్పిన తీరు మహా ముచ్చటైనది. తీగచుట్టలో విద్యుత్తు పారగానే అది అయస్కాంతమై ఎదురుగా ఉన్న ఇనుప రేకును లాగుతుంది. తమాషా ఏమిటంటే, ఆ విద్యుత్తు పారే దారి కూడా ఆ రేకు మీదుగానే. రేకు కదిలిందా, దారి తెగింది. దారి తెగితే విద్యుత్తు లేదు, విద్యుత్తు లేకపోతే అయస్కాంతం లేదు. స్ప్రింగు రేకును వెనక్కి తోస్తుంది, దారి మళ్లీ కలుస్తుంది, రేకు మళ్లీ లాగబడుతుంది. సెకనుకు వందల సార్లు జరిగే ఈ పెనుగులాటే మనం విన్న గర్రుమనే మోత. ట్రాన్సిస్టరు లేదు, చిప్పు లేదు. పనిచేయడం మొదలుపెట్టగానే తన పనిని తానే చెడగొట్టుకునేలా కట్టడమే ఇందులోని తెలివంతా. బడి పుస్తకాల్లోని విద్యుత్ గంటదీ ఇదే సూత్రం.

తర్వాత పీజో బిళ్ల వచ్చింది. ఇత్తడి రేకు మీద అతికించిన పింగాణీ పొర అది. వోల్టేజీ అటూ ఇటూ మారుతుంటే ఉబ్బుతూ ముడుచుకుంటూ రేకును వంచుతుంది. చౌక, అరుగుదల లేదు, కరెంటు ఖర్చు లేదనే చెప్పాలి. చిన్న బిళ్ల కాబట్టి కీచు స్వరంలోనే బాగా పలుకుతుంది, సాధారణంగా సెకనుకు 2000 నుంచి 4000 కంపనాల మధ్య. మన చెవి అన్నిటికంటే చురుగ్గా ఉండే మేర కూడా అక్కడే ఉంది. ఇంతవరకూ లాభమే. తిరకాసు ఆ తర్వాత ఉంది. శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో మెదడు రెండు ఉపాయాలతో పసిగడుతుంది. లావు స్వరమైతే అల ఒక చెవికి ముందు, రెండో చెవికి తర్వాత చేరడంలోని తేడాను పట్టుకుంటుంది. బాగా సన్నని స్వరమైతే తల అడ్డుపడటం వల్ల ఒక చెవిలో తగ్గిన గట్టితనాన్ని పట్టుకుంటుంది. సుమారు 1500 నుంచి 4000 కంపనాల నడుమ మొదటి ఉపాయం పనిచేయడం మానేస్తుంది, రెండోది ఇంకా పూర్తిగా అందిరాదు. అందుకే ఒకే స్వరంతో మోగే బీప్ వినబడుతుంది గానీ ఎక్కణ్ణుంచో తెలియదు. డ్రైవరు తల తిప్పి, సీట్లు తడిమి, తలుపులు చూసి, చివరికి డాష్‌బోర్డులో వెలిగే బొమ్మను వెతుక్కోవాలి. చూపు రోడ్డు మీదే ఉండాలని కదా హెచ్చరికను చెవికి అప్పగించింది. తీరా ఆ హెచ్చరికే చూపును రోడ్డు మీద నుంచి లాగేస్తోంది.

ఇక బకిల్ దగ్గరికి. నాలుక లోపలికి వెళ్లగానే చిన్న మీట జరుగుతుంది, దాంతో ఒక స్విచ్చు నొక్కుకుంటుంది లేదా అయస్కాంతం ఒకటి సెన్సరు ముందు కదులుతుంది. కంప్యూటరుకు 'పెట్టుకున్నారు' అని కబురు వెళుతుంది. నిజానికి ఆ సెన్సరుకు తెలిసింది నాలుక వచ్చిందని మాత్రమే. నాలుక వెనక పట్టీ ఉందో లేదో, పట్టీ వెనక మనిషి ఉన్నాడో లేదో దానికి తెలియదు. క్లిప్పు వ్యాపారమంతా ఈ ఒక్క అజ్ఞానం మీద నిలబడింది. దీన్ని పూడ్చడం అంత కష్టమా? పట్టీ చుట్టుకునే చక్రం ఎంత తిరిగిందో కొలిచినా చాలు. అదీ అక్కర్లేదు, వరస చూసినా చాలు. మామూలుగా మనిషి ముందు తలుపు తీస్తాడు, కూర్చుంటాడు, ఆ తర్వాతే బెల్టు పెట్టుకుంటాడు. కూర్చోక ముందే నాలుక బకిల్‌లో ఉందంటే అక్కడ ఉన్నది క్లిప్పు, లేదా వీపు వెనక నుంచి పెట్టిన బెల్టు. సీటు కింద బరువు సెన్సరు, తలుపుకు స్విచ్చు, బకిల్‌లో స్విచ్చు ఉన్న కారుకు కావలసిందల్లా ఏది ముందు, ఏది తర్వాత అని చూసే నాలుగు వరసల సాఫ్ట్‌వేరు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1974 మోడల్ కార్లకు అమెరికా ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది: ముందు సీట్లలో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే ఇంజను స్టార్టు కాకూడదు. కూర్చున్నాక పెట్టుకున్న బెల్టే లెక్కలోకి రావాలని కూడా అందులో రాశారు. అంటే క్లిప్పు మోసానికి మందు యాభై ఏళ్ల కిందటే కనిపెట్టారు. అయినా ఆ పథకం ఎంతో కాలం నిలవకుండానే కుప్పకూలింది. కారణం బెల్టు కాదు. పక్క సీట్లో కిరాణా సంచీ పెట్టినా, కుక్కను కూర్చోబెట్టినా కారు మొండికేసింది. బెల్టు పెట్టుకున్నవాడికీ శిక్ష పడింది. జనం మండిపడ్డారు. 1974 అక్టోబరులో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో కొత్త చట్టం వచ్చి ఆ నిబంధనను తీసేయడమే కాక, 8 సెకన్లకు మించి బజర్ మోగాలని ప్రభుత్వం ఆదేశించకూడదని కూడా కట్టేసింది. పావు శతాబ్దం తర్వాత ఆ కట్టును దాటింది, పేరు కలవడం యాదృచ్ఛికమే గానీ, ఫోర్డ్ కంపెనీ. ప్రభుత్వం ఆదేశించకూడదు గానీ తయారీదారు తనంతట తాను మోగించుకోవచ్చు కదా! 2000 మోడళ్ల నుంచి పెట్టిన 'బెల్ట్‌మైండర్' 6 సెకన్లు మోగి, ఆగి, అర నిమిషానికోసారి మళ్లీ గుర్తుచేస్తూ 5 నిమిషాల పాటు పట్టు వదలదు. కారును ఆపదు, ఊపిరాడకుండా చేయదు. అమెరికాలో హైవే భద్రతా బీమా సంస్థ పరిశీలిస్తే అది లేని కార్లలో 71 శాతం ఉన్న బెల్టు వాడకం, అది ఉన్న కార్లలో 76 శాతం కనిపించింది. అయిదు శాతమేనా అనకండి. బెల్టు పెట్టుకోనివాళ్లలో ఆరో వంతు మంది మారినట్టు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. ప్రాణాలు పోతుంటే మోత వినసొంపుగా ఉందా లేదా అని చర్చా? న్యాయమైన ప్రశ్న. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో, 2022లో బెల్టు పెట్టుకోక మన దేశంలో చనిపోయినవారు 16,715 మంది. వారిలో డ్రైవర్లు 8,384, ప్రయాణికులు 8,331. పల్నాడు వాళ్లకు ఇది దూరపు లెక్క కాదు. నార్కట్‌పల్లిలో మొదలై వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పొందుగుల, దాచేపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా అద్దంకి వెళ్లే రోడ్డు మనకు ఇంటి ముంగిలి లాంటిది. 2018 ఆగస్టు 29న నటుడు నందమూరి హరికృష్ణ గారి కారు బోల్తా పడింది ఈ రోడ్డు మీదే, నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర. ఆయన బెల్టు పెట్టుకోలేదనీ, కారులోంచి బయటికి ఎగిరిపడ్డారనీ అప్పుడు పోలీసులు చెప్పారు. కాబట్టి మోత ఉండాల్సిందే, గట్టిగా ఉండాల్సిందే. నేను తగ్గించమనడం లేదు, మోసపోకుండా చేయమంటున్నాను. క్లిప్పుకు లొంగిపోయే మోత ఆ 16,715 మందిలో ఒక్కరికీ అక్కరకు రాదు.

పక్క సీట్లో 20 లీటర్ల నీళ్ల క్యాన్ పెడితే కారు గోల చేస్తుందన్నది మరో ఫిర్యాదు. పల్నాడులో ఇది రోజూ ఉండే బాధే. సెన్సరుకు తెలిసేది బరువు, బరువు లెక్కన ఆ క్యాను ఓ ఆరేళ్ల పిల్లాడు. నిజం చెప్పాలంటే ఇక్కడ నేను కారు పక్షం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఆ క్యానులో 14 మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చేంత ఊపు ఉంటుంది. బ్రేకు పడితే అది డాష్‌బోర్డు దగ్గర ఆగుతుందన్న హామీ లేదు. దానికి బెల్టు పెట్టండి, లేదా కింద పెట్టండి.

కారు పక్షం నేను తీసుకోలేనిది మరొక చోట. చాలా కార్లలో బెల్టుకూ, తలుపుకూ, ఆర్పని లైట్లకూ, అయిపోతున్న పెట్రోలుకూ, వేగానికీ దాదాపు ఒకే బీప్, ఎడం ఎక్కువ తక్కువలే తేడా. ఒకే శబ్దానికి రెండు అర్థాలు పెడితే ఏమవుతుందో విమానాలు రక్తంతో నేర్చుకున్నాయి. 2005 ఆగస్టు 14న సైప్రస్ నుంచి బయల్దేరిన హీలియోస్ విమాన సంస్థ బోయింగ్ 737లో గాలి పీడనం తగ్గుతోందని హారన్ మోగింది. అదే హారన్, నేల మీద ఉన్నప్పుడు, విమానం టేకాఫ్‌కు సిద్ధంగా లేదన్న హెచ్చరిక కూడా. పైలట్లు రెండో అర్థమే తీసుకున్నారు. ప్రాణవాయువు చాలక స్పృహ తప్పారు. 121 మందిలో ఒక్కరూ మిగల్లేదు. కారు విమానం కాదు, నిజమే. పైలట్‌కు నెలల తరబడి శిక్షణ ఉంటుంది, కారు కొన్నవాడు పుస్తకం కూడా తిప్పడు. అలాంటప్పుడు ఎవరికి శబ్దం ఇంకా స్పష్టంగా ఉండాలి? బ్రిటన్ పౌర విమానయాన సంస్థ కోసం రాయ్ ప్యాటర్సన్ 1982లోనే మార్గదర్శకాలు రాశాడు: హెచ్చరిక పిడుగుపడ్డట్టు మొదలు కాకూడదు, మధ్యలో మాట్లాడుకునేందుకు ఎడం ఉండాలి, ఒక్కోదానికి మరోదానితో కలవని లయ ఉండాలి. ఇప్పటి కార్లు ఎన్నిటిలోనో ఈ మోత స్టీరియో స్పీకర్ల లోంచే వస్తుంది. ఎడమ వెనుక తలుపు సరిగా పడకపోతే ఎడమ వెనుక స్పీకరే మోగవచ్చు. అదనపు సామాను ఏదీ కొననక్కర్లేదు.

వేగం బీప్ సంగతి మరీ విచిత్రం. 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లన్నిటికీ ఏఐఎస్-145 ప్రమాణం ప్రకారం గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఉండుండి, 120 దాటితే ఆగకుండా మోగే హెచ్చరిక తప్పనిసరి. 2018లో కేంద్రం నాలుగు వరసల రోడ్ల మీద కార్లకు 100 దాకా, ఊళ్లలో 70 దాకా వేగ పరిమితి ప్రకటించింది. దాన్ని 2021లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది, అది వేరే కథ. కథ ఎటు తిరిగినా, పిడుగురాళ్ల దాటిన తర్వాత విశాలమైన రోడ్డు మీద 82లో వెళ్లేవాణ్ణి మందలించే యంత్రం, గురజాల బజారులో 75లో దూసుకుపోయేవాణ్ణి పల్లెత్తు మాట అనదు. రోడ్డు తెలియని హెచ్చరిక అది. జపాన్ ఈ ప్రయోగం మనకంటే ఎంతో ముందు చేసింది. అక్కడి కార్లలో స్పీడోమీటరు 100 దాటగానే విద్యుదయస్కాంతం చిన్న సుత్తితో లోహపు పట్టీలను కొట్టి 'కిన్-కోన్' అనిపించేది. వినడానికి హాయిగానే ఉండేది, మరీ హాయిగా ఉండి నిద్ర తెప్పిస్తోందన్న విమర్శా వచ్చింది. 1980ల నడుమ ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు చాలా కార్లలో మ్యాపు ఉంది, బోర్డు చదివే కెమెరా కొన్నిటిలో ఉంది. 80 అన్న ఒకే అంకెను పట్టుకు వేలాడాల్సిన అవసరం తీరిపోయింది.

కారు కొనేటప్పుడు మైలేజీ అడుగుతాం, సన్‌రూఫ్ అడుగుతాం. ఈసారి నరసరావుపేటలోనో గుంటూరులోనో షోరూముకు వెళ్లినప్పుడు కారు స్టార్టు చేయించి ఒక్కో మోత వినిపించమనండి, బొమ్మ చూడకుండా ఏది దేనికో చెప్పగలరేమో చూసుకోండి. చెప్పలేకపోతే ఆ మాట రాతపూర్వకంగా కంపెనీకి పంపండి. ఇప్పటికే బకిల్‌లో క్లిప్పు ఉన్నవాళ్లు మాత్రం ఆ ఉత్తరం దాకా ఆగకండి, ముందు దాన్ని పీకేయండి.