నల్గొండ కోసం వెతికితే ఇథియోపియా

పరిశోధనకు వ్యాసం దొరకలేదంటే చాలాసార్లు అది లేదని కాదు, రాసినవాళ్లు వాడిన మాటలు మనం వాడలేదని. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు సంగతే తీసుకుందాం.

డేటాబేస్‌లో ఇంగ్లిషులో ‘నల్గొండ’, ‘ఫ్లోరైడ్’ అని కొట్టండి. మన ఊళ్ల గురించిన వాటితోపాటు ఇథియోపియా, టాంజానియా నీళ్ల గురించిన వ్యాసాలూ వచ్చిపడతాయి. కంప్యూటర్‌కు పిచ్చెక్కలేదు. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ రూపొందించింది. దాని పేరు ‘నల్గొండ టెక్నిక్’. పద్ధతితోపాటు జిల్లా పేరూ ఆఫ్రికా చేరింది. ఇలాంటి ఖ్యాతి జిల్లావాళ్లెవరూ కోరుకుని ఉండరు. మీకు కావలసింది జబ్బు గురించి అయితే, ‘స్కెలిటల్ ఫ్లోరోసిస్’ను కొటేషన్ గుర్తుల్లో పెట్టి, పక్కన నల్గొండ చేర్చండి. ‘నాట్ టెక్నిక్’ అని కూడా తగిలించవచ్చు గానీ, ఆ మాట ఎక్కడో ఒకచోట వచ్చిన మంచి వ్యాసం కూడా దాంతోపాటే ఎగిరిపోతుంది.

ఇక పాతవి. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన ప్రాంతంలో ఈ జబ్బును షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1937లోనే వైద్య పత్రికకెక్కించారు. అయితే ‘ప్రకాశం’ అని వెతికితే అది దొరకదు. ఆ జిల్లా ఏర్పడిందే 1970లో, ఆ పేరు పెట్టింది 1972లో. షార్ట్‌కు తెలిసినవి నెల్లూరు, మద్రాసు ప్రెసిడెన్సీ. ఇలాంటివాటికి దగ్గరి దారి, కొత్త వ్యాసం చివర ఉండే రిఫరెన్సులు. మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లుండే శోధ్‌గంగ సైట్‌లో అదే విషయం మీద ఒక థీసిస్ దించుకుంటే మరీ సుఖం: అధ్యాయాలు చదివినా చదవకపోయినా, వెనక పుస్తక పట్టిక మాత్రం చదవండి. పాత వ్యాసంనుంచి దాన్ని ఉటంకించిన కొత్తవాటికి రావాలంటే గూగుల్ స్కాలర్‌లో ‘సైటెడ్ బై’ నొక్కాలి.

వ్యాసం కనిపించాక ప్రచురణకర్త డాలర్లు అడుగుతాడు. కార్డు తీయకండి. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 30 మంది ప్రచురణకర్తల 13,000 దాకా పత్రికలకు కేంద్రమే చందా కడుతోంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే క్యాంపస్ నెట్‌లో చాలావరకు నేరుగా తెరుచుకుంటాయి. ఇంటినుంచైతే లైబ్రరీ ఇచ్చిన లాగిన్ కావాలి. ప్రైవేటు కాలేజీలకు ఈ భాగ్యం ఇంకా పట్టలేదు.

అప్పటికీ దొరకకపోతే లైబ్రేరియన్ వేరే లైబ్రరీనుంచి తెప్పించగలరు. పత్రిక పేరు, సంవత్సరం, సంపుటి, పేజీలు రాసి ఇవ్వండి. ‘ఫ్లోరోసిస్ మీద ఏవైనా ఉంటే చూడండి సార్’ అంటే, ఆయన మర్యాదగా మూలనున్న క్యాటలాగ్ కంప్యూటర్ చూపిస్తారు.