ఆముదపు గింజ యంత్రములో ఎందుకు పగులును?

ఉమ్మడి నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చెలక నేలలలో ఆముదము చిరకాలముగా పండించుచున్న పైరు. ఎండిన గెలలను కర్రలతో కొట్టి గింజ తీయుట పాత పద్ధతి. ఇప్పుడు కాయలు ఒలుచు యంత్రములు వచ్చినవి. పని త్వరగా తెములును గాని, సరిచూడని యంత్రములో గింజలు పగులును. పగిలిన గింజ మొలవదు. దానిలోని నూనె త్వరగా చెడును. బజారులో ధర తగ్గును.

ఆముదపు కాయలో మూడు గదులు, గదికొక గింజ. యంత్రపు దెబ్బకు పొట్టు పగులవలెను, గింజ నిలువవలెను. ఈ దెబ్బ రెప్పపాటులో ముగియును, కంటికి అందదు. ఇనుము కోసి యంత్రము చేసిన పిదప లోపము దిద్దుట ఖర్చుతో కూడిన పని. కావున ఇట్టి దెబ్బను ఇంజనీర్లు ముందుగా కంప్యూటరులో వేసి చూడగలరు.

గింజ రూపమును కంప్యూటరులో గీసి, వేలాది చిన్న తునకలుగా విభజింతురు. తునక బరువెంత, గట్టితనమెంత, ఎంత ఒత్తిడికి పగులును అనునవి ముందే తెలుపుదురు. తరువాత రబ్బరు పలకను వేగముగా దానిపైకి పంపి, క్షణములో అత్యల్ప భాగమునకొకసారి ప్రతి తునక ఎంత నొక్కుకొనెనో లెక్కింతురు. పగులు ఎచట మొదలగునో తెరపై కనబడును. ఈ పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ అను పేరును 1960లో అమెరికా ఇంజనీరు రే క్లఫ్ వాడుకలోనికి తెచ్చెను. మోటారు కార్లు ఢీకొన్నపుడు ఏమగునో కూడ ఇట్లే పరీక్షింతురు.

అయితే తేమ, గట్టితనము తప్పుగా ఇచ్చినచో లెక్కయు తప్పును. చివరి పరీక్ష మీ కల్లములోనే జరుగవలెను. రైతు సోదరులు ఈ క్రింది విషయములు గమనింతురు గాక:

1. కాయలను బాగుగా ఎండబెట్టుడు. పచ్చి పొట్టు సులభముగా పగులదు. దానికై దెబ్బ పెంచినచో గింజ నలుగును.

2. వేగము తొందరపడి పెంచరాదు. నిమిషమునకు 300 చుట్లను 400 చేసినచో వేగము మూడవ వంతే పెరుగును గాని, దెబ్బలోని శక్తి సుమారు 1.8 రెట్లగును.

3. ఖాళీ ఎక్కువైన కాయలు ఒలవక వచ్చును. తక్కువైన గింజలు పగులును. పాలెం పరిశోధనా స్థానము రూపొందించిన క్రాంతి, హరిత మొదలగు రకములలో ఏది వేసినను, రకము మారినపుడు ఖాళీని మరల సరిచూడుడు.

4. అరిగి గట్టిపడిన రబ్బరును మార్చుడు. మెత్తని రబ్బరు దెబ్బను కొంత తనలో ఇముడ్చుకొనును.

మొదట ఒక గంపెడు కాయలు మాత్రమే వేసి, వచ్చిన వానిలో 100 గింజలు లెక్కించి, పగిలినవెన్నో చూడుడు. ఎక్కువగా ఉన్నచో యంత్రమును ఆపి సరిచేసిన పిమ్మటనే మిగిలిన పంటను వేయుడు.